సగం తెలుపు, సగం ఎరుపు

భీమిలి నుంచి గంగవరం దాకా ఈ ఒడ్డు పొడుగునా నాకున్నంత కన్ను ఇంకొకడికి లేదు. ఇది నేను చెప్పుకునే మాట కాదు, ఒడ్డంతా చెప్పుకునే మాట. దూరాన లంగరేసిన ఓడని చూసి అది ఏ దేశానిదో చెప్పేవాణ్ణి. దాని కెప్టెను ఆ పూట గడ్డం గీసుకున్నాడో లేదో చెప్పేవాణ్ణి. వంటవాడు కూరలో ఉప్పు ఎక్కువ వేశాడా తక్కువ వేశాడా అన్నది మాత్రం గాలి ఇటు తిరిగితేనే చెప్పేవాణ్ణి. నా పేరు పోలిరాజు. చదువు ఐదో తరగతి, అదీ మా ఊరి మేష్టారు నన్ను భరించినన్నాళ్ళే. జాలారిపేటలో ఎవర్నడిగినా మా ఇల్లు చూపిస్తారు. కొంచెం నవ్వి చూపిస్తారు.

ఆ కన్నుతోనే పోయినేడాది జూన్‌లో నేనొక ఓడని చూశాను.

వేట నిషేధం ఎత్తేసిన మూడో రోజు అది. మా ఇంటి నుంచి రెండు ఫైబరు తెప్పలు వెళ్ళాయి. ఒకదాంట్లో నా కొడుకు దుర్గారావు, వాడి జతగాడు తవిటయ్య. రెండోదాంట్లో నా మేనల్లుడు కామరాజు, నేను. రెండు తెప్పలూ చీలిపోయేచోట దుర్గారావు నా వైపు తిరిగి ఒక చెయ్యెత్తాడు, వెళ్ళొస్తానన్నట్టు. సాయంత్రానికి గాలి తిరగబడింది. తెల్లారి మేమిద్దరం వెతుక్కుంటూ పోతే, ఒడ్డుకి ముప్పై మైళ్ళ దూరాన తెప్ప బోర్లాపడి ఉంది. దాన్ని కరుచుకుని తవిటయ్య ఉన్నాడు. దుర్గారావు లేడు. కొట్టుకుపోతున్న ఆయిలు డబ్బా అందుకుందామని చేతులు వదిలాడట. ఆ చీకట్లో మరి కనపడలేదట.

మేం ఒడ్డు చేరేసరికి పేటంతా అక్కడే ఉంది. నా కోడలు అనూరాధ మోకాళ్ళ లోతు నీళ్ళలోకి వచ్చి తెప్ప అంచు పట్టుకుంది.

"మావా, ఆయనేడి?" అంది.

నేను నిజం చెబుదామనే నోరు తెరిచాను. నోట్లోంచి ఓడ వచ్చింది.

తెల్లవారుతుండగా పెద్ద ఓడొకటి నెమ్మదించిందని, తాడునిచ్చెన దించిందని, ఒక మనిషి ఎక్కడం నా కళ్ళారా చూశానని చెప్పాను. కట్టుకథకి ఎక్కడో ఒకచోట రంగు తగలకపోతే నిలబడదని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. అందుకని దాని స్తంభం మీద సగం తెలుపు, సగం ఎరుపు జెండా ఎగురుతోందని కూడా చెప్పాను. ఓడ అనగానే నా కళ్ళ ముందు ఆడే జెండా అదే. కామరాజు ఏదో అనబోయి ఆగి, ఇంజిను విప్పడం మొదలెట్టాడు.

ఆ రోజు కోడలు నాలుగు ముద్దలు తిన్నది. మర్నాడు కూడా తినాలి కదా. ఓడని మర్నాటికి కూడా ఉంచాను.

అలా ఏడాది ఉంచాను. ఎవరైనా అడిగినప్పుడల్లా దాన్ని కాస్త ముందుకి నడిపేవాణ్ణి. సింగపూరు చేరిందన్నాను. కాగితాలు లేవని మావాణ్ణి అక్కడ దిగనివ్వలేదన్నాను. అందుకని అదే ఓడలో వంట చేస్తూ దేశాలు తిరుగుతున్నాడన్నాను. దుర్గారావుకి గంజి కాయడం కూడా రాదు కదా అని తవిటయ్య పెళ్ళాం చిట్టమ్మ అంటే, అందుకే ఆ ఓడ ఏ రేవులోనూ నాలుగు రోజులు నిలవడం లేదన్నాను. ఆ మాటకి అనూరాధ కూడా నవ్వింది. ఆ ఏడాదిలో నేను విన్న నవ్వు అదొక్కటే.

నవ్వినా, మిషను మాత్రం ముట్టుకోలేదు. అంతకుముందు పేటలో జాకెట్లన్నీ తనే కుట్టేది. ఆ జూన్ నుంచి కుట్టుమిషను మీద దుర్గారావు లుంగీ కప్పి ఉంచింది. చేతులకి గాజులు మాత్రం తీయలేదు. అప్పుడప్పుడూ నా దగ్గర కూర్చుని, వెళ్ళేటప్పుడు ఆ చెయ్యి ఎలా ఎత్తాడో మళ్ళీ చెప్పమనేది. నేను చెప్పేవాణ్ణి.

ఇక అసలు సంగతి ఈ వేసవిది. ఏప్రిల్ పదిహేను నుంచి జూన్ పద్నాలుగు దాకా సముద్రంలోకి తెప్ప దిగకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలమట. మేం గుడ్లు పెట్టం కాబట్టి ఇసకలో కూర్చుని వలలు బాగుచేసుకుంటాం. నిషేధం మొదలైన వారానికి శ్రీరామ్మూర్తి అనే ఆయన నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. ఆనందపురం పక్క రైతుల బిడ్డ. నేవీలో ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. మద్దిలపాలెంలో ఒక స్కూలు మైదానంలో ఆదివారం ఆదివారం పిల్లలకి తెల్ల బట్టలు, తెల్ల టోపీలు తొడిగి, నడక, ఈత, ముళ్ళు వేయడం, జెండాలతో మాట్లాడటం నేర్పుతాడు. దానికి సాగర బాలదళం అని పేరు. పిల్లలంతా 'యూనిట్' అంటారు. వాళ్ళకో పాత చెక్క పడవుంది. ఐదు తెడ్లది. దాని అడుగు పలకలు పుచ్చిపోయాయి. జూన్ ఆఖర్లో కాకినాడలో పిల్లల పడవ పందేలున్నాయని, ఈలోగా బాగుచేసి పెట్టాలని అడిగాడు.

మా పేటలో చెక్క నావ బాగుచేయడం తెలిసినవాళ్ళం ఇద్దరమే మిగిలాం. రెండోవాడు మంచంలో ఉన్నాడు. సరేనన్నాను.

పడవని లారీ మీద తెచ్చి మా ఇసకలో బోర్లించారు. ఆదివారాలు పిల్లలు వచ్చి పాత రంగు గీకేవారు. పలకల సందుల్లో నూలు కుక్కడం, గుగ్గిలం నూనెలో కాచి పూయడం నేను నేర్పేవాణ్ణి. వాళ్ళు నాకు 'బోలైన్' ముడి చూపించారు. అది మేం తాతలనాటి నుంచీ వేసేదే. మేం దానికి పెట్టుకున్న పేరు మాత్రం ఆడపిల్లల ముందు చెప్పేది కాదన్నాను. వారం రోజులు ఆ పేరు కోసం నా చుట్టూ తిరిగారు.

మొదటి ఆదివారమే నా మనవరాలు దేవి వాళ్ళలో కలిసిపోయింది. ఎనిమిదో తరగతి పాసై తొమ్మిదికి వచ్చింది. దానికి నడక మీద మనసూ లేదు, ఈత కొత్తా కాదు. ఇంటికొచ్చి నా మంచం పట్టె మీద కూర్చుంది.

"తాతా, అక్కడ ఓడల జెండాలన్నీ నేర్పుతారంట. నాను సేరతాను. నాన్న ఎక్కిన ఓడ ఏదో తెలుసుకుంతాను."

 మంచిదే, చేరమన్నాను.

పైవారం ఒక అట్ట తెచ్చింది. దాని నిండా రంగురంగుల జెండాలు. ఒక్కో జెండా ఒక్కో ఇంగ్లీషు అక్షరమట. వేలు పెట్టి, ఇదేనా అని అడిగింది. నాకు అట్ట మీద మరకలు తప్ప ఏమీ ఆనలేదు. అదే అన్నాను. కర్ర వైపు తెలుపా, ఎరుపా అని అడిగింది. తెలుపు అన్నాను. ఆ జెండా పేరు 'హెచ్' అని చెప్పి, అట్ట మీద పెన్సిలుతో చుట్టూ గీత గీసుకుంది.

ఆ వారంలోనే కులపెద్ద గురునాథరావు నలుగురితో మా అరుగు మీదకి వచ్చాడు. మనిషి మంచివాడే, పేట కట్టుబాటు చెప్పడానికి వచ్చాడు. శవం దొరకనివాడికి ఏడాది లోపల దర్భ బొమ్మ పెట్టి కర్మ జరిపించాలి. అది జరగని ఇంటి తెప్ప ఏడాది దాటాక నీళ్ళలో దిగకూడదు. మిగిలిన ఆ ఒక్క తెప్ప మీదే మా పొయ్యీ, కామరాజు పొయ్యీ వెలగాలి.

అనూరాధ తలుపు వెనక నుంచే జవాబు చెప్పింది. "బతికున్న మనిసికి కర్మేటండి? మా మావ సూసినాడు. ఆయన్నే అడగండి."

అందరూ నా వైపు తిరిగారు. నా పెళ్ళాం గంగాలమ్మ గుమ్మం దగ్గర ఎండుచేపలు ఏరుతోంది. ఆమె ఏరే చప్పుడు మాత్రం ఆగలేదు.

"సూసినాను" అన్నాను.

గురునాథరావు జూన్ పద్నాలుగు దాకా ఆగుతానని, ఆ తరవాత తన చేతిలో లేదని చెప్పి వెళ్ళిపోయాడు.

పడవకి కొత్త పలకలు కావాలి, తెడ్లు కావాలి, పిల్లల్ని కాకినాడ తీసుకెళ్ళాలి. దాని కోసం శ్రీరామ్మూర్తి ఒక ఉపాయం చేశాడు. బీచ్ రోడ్డులో ఆదివారం సాయంత్రాలు బల్ల వేసి, వచ్చినవాళ్ళ పేర్లు జెండాల్లో కట్టి ఇవ్వడం. అరచేతంత జెండాలు దారానికి గుచ్చి తోరణంలా ఇస్తారు. చందా ఎవరికి తోచినంత వాళ్ళు వేస్తారు. నా పేరుకి ఎనిమిది జెండాలు పట్టాయి. ఇంటి ముందు కడితే, ఎవరో బుడ్డోడి బట్టలు ఆరేసినట్టుందని మా ఆవిడ అంది.

అన్ని జెండాలు ఎవరు కుడతారు? దేవి వాళ్ళమ్మని అడిగింది. నేను పక్క గదిలోంచి వింటున్నాను. మంచం కిర్రుమంది. తరవాత లుంగీ మడతపెట్టిన చప్పుడు, మిషను మూత తీసిన చప్పుడు.

దాదాపు పదకొండు నెలల తరవాత మా ఇంట్లో మిషను మోగింది. రోజూ మోగింది. అనూరాధ పసుపు, నీలం, ఎరుపు గుడ్డపీలికల మధ్య కూర్చుని, అక్షరాలు దేవిని అడిగి తెలుసుకుంటూ కుట్టేది. దారం ఎక్కించమని కేకేసేది. అన్నం వేళ దాటిపోయిందని గంగాలమ్మ తిడితే నవ్వేది. నా ఓడ ఇన్నాళ్ళకి ఏదో మంచి సరుకు దించిందనుకున్నాను.

ఇప్పుడు నా కన్ను సంగతి వినండి. మే మొదటి ఆదివారం యూనిట్ వాళ్ళు మా పేటలో ఉచితంగా కళ్ళు చూసే శిబిరం పెట్టారు. దేవి తెల్ల బట్టల్లో బల్ల దగ్గర కూర్చుని పేర్లు రాస్తోంది. జ్యోతిర్మయి అనే డాక్టరమ్మ నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, ఎదర నిలబడి ఎన్ని వేళ్ళని అడిగింది.

"ఎవరివమ్మా?" అన్నాను.

శిబిరమంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఒడ్డు పొడుగునా లేనంత కన్ను నాదన్నాను కదా. రెండు కళ్ళలోనూ శుక్లాలు. కెప్టెను గడ్డం మాట అటుంచండి, ఎదర నిలబడ్డది డాక్టరమ్మో కొబ్బరిచెట్టో గొంతు వింటే తప్ప నాకు తెలీలేదు. ఓడల దేశాలన్నీ నేను ఫిషింగ్ హార్బరు టీకొట్టులో విని వచ్చి చెప్పేవే.

డాక్టరమ్మ నవ్వలేదు. ఇవి ఈ ఏడాది వచ్చినవి కావని, మూడేళ్ళ నుంచి ముదురుతున్నాయని, సముద్రంలోకి ఎలా వెళుతున్నారని గట్టిగానే అడిగింది.

దేవి పెన్ను ఆగిపోయింది. "ఆ మాట కూడా రాయాలేటి మేడం? మూడేళ్ళని?" అని అడిగింది.

రాయమంది డాక్టరమ్మ. దేవి రాసింది. ఇంటికెళ్ళేటప్పుడు నా చెయ్యి పట్టుకుని నడిపించింది. అంతకుముందెప్పుడూ పట్టుకోలేదు. దారిలో ఏదో ఒకటి అంటుందని చూశాను. మిట్ట వచ్చినచోట మిట్ట అంది, గొయ్యి వచ్చినచోట గొయ్యి అంది. అంతే.

మే మూడో ఆదివారం బీచ్ రోడ్డులో జనం బాగా ఉన్నారు. నన్ను బల్ల చివర కుర్చీలో కూర్చోబెట్టి తాడిచ్చారు. వచ్చినవాళ్ళ పిల్లలకి ముళ్ళు వేసి చూపించడం నా పని. ముడి వేయడానికి కన్ను అక్కర్లేదు. ప్రతి ముడికీ ఒక కథ చెప్పేవాణ్ణి. ఈ ముడితో నేనొకసారి సొరచేపని లంగరుకి కట్టేస్తే, అది తెప్పని మూడు రోజులు లాక్కెళ్ళి పారాదీప్‌లో వదిలిందని చెప్పాను. చందాలు బాగా పడ్డాయి.

చీకటి పడకముందే అనూరాధ వచ్చింది. చేతిలో సంచి. అందులోంచి పెద్ద జెండా ఒకటి తీసింది. మంచి గుడ్డ తెచ్చి, రెండు వరసల కుట్టు వేసి, మూడు రోజులు కూర్చుని కుట్టింది. సగం తెలుపు, సగం ఎరుపు. బల్ల పక్కన నాటిన వెదురుగడ చివర దాన్ని కట్టమని దేవికి చెప్పింది.

"ఒద్దమ్మా. సిన్నవి ఉన్నాయి కదా, సాలు" అంది దేవి. ఆ మాట ఎందుకంత బతిమాలినట్టు అన్నదో అప్పుడు నాకు తెలీలేదు.

"ఇటు ఓడల మీద పనిసేసేవోళ్ళు కూడా వత్తారు. ఎవుడో ఒకడు సూత్తాడు. ఇది మా ఓడ జెండాయేనని అంతాడు" అని అనూరాధ తనే గడ వంచి కట్టింది.

శ్రీరామ్మూర్తి పిల్లలకి మంచినీళ్ళ డబ్బా మోసుకుంటూ అప్పుడే వచ్చాడు. మా దుర్గారావు సముద్రంలో పోయాడని ఆయనకి తెలుసు. నా ఓడ సంగతీ, జెండా సంగతీ తెలీదు. డబ్బా దించి, పైకి చూసి నవ్వాడు.

"ఎవరమ్మా పైన హెచ్ కట్టింది? ఇక్కడ పైలట్ ఉన్నాడనుకుంతారు."

పైలట్ అంటే ఎవరని అనూరాధ అడిగింది. శ్రీరామ్మూర్తికి ఎవరేమడిగినా విప్పి చెప్పడం సరదా. సముద్రం వైపు చెయ్యి చూపించాడు.

"అదిగో, లోనకొత్తన్న ఆ ఓడ సూడండి. దాని మీదా ఇదే ఎగరతన్నాది. బయట ఓడలకి మన రేవు దారి తెలీదు కదా, ఈ హార్బరు మనిసి పడవలో ఎదురెల్లి ఎక్కుతాడు. ఆయనే పైలట్. ఆయన ఎక్కినాడని గుర్తుకి ఈ జెండా ఎత్తుతారు. ఆయన దిగిపోతే దింపేత్తారు."

"లోతు సంద్రంలో ఎగరేయరేటి?"

"అక్కడ పైలట్ ఎక్కడుంతాడమ్మా?"

"రేవు నుంచి ఎంత దూరం దాకా ఎగరేత్తారు?"

"మూడు మైళ్ళు. మా ఎక్కువైతే నాలుగు."

నేను తాడు పట్టుకుని కూర్చున్నాను. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఈ ఒడ్డున నిలబడి రేవులోకి వచ్చే ఓడల్నీ, పోయే ఓడల్నీ చూసినవాణ్ణి నేను. అన్నిటి మీదా ఈ జెండాయే. ఓడకి ముక్కూ తోకా ఉన్నట్టే ఈ జెండా కూడా ఉంటుందనుకున్నాను. రేవు మొగ దాటగానే దాన్ని దింపేస్తారని నాకెవరు చెబుతారు? ఇంకే ఊరివాడైనా నోటికొచ్చిన రంగు చెప్పి బతికిపోయేవాడు. నేను విశాఖపట్నం వాణ్ణి కనుక, రోజూ చూసే రంగే చెప్పాను.

 కాసేపటికి అనూరాధ నా దగ్గరికి వచ్చి వంగింది.

"మావా, టీ తాగుతావా? మాటాడి మాటాడి గొంతు ఆరిపోయుంతాది."

తెచ్చింది. గ్లాసు నా చేతిలో పెట్టి, నా వేళ్ళు దాని చుట్టూ మూసి, పట్టు దొరికిందో లేదో చూసి అప్పుడు వదిలింది. తరవాత బల్ల దగ్గరికి వెళ్ళి, ఎవరికో పేరు కట్టడంలో దేవికి సాయం చేసింది. జనం పలచబడ్డాక సామాన్లతో పాటు ఆ జెండా కూడా దింపి, నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది. ఆటోలో ముగ్గురం పక్కపక్కనే కూర్చుని వచ్చాం. చందా బాగా వచ్చిందని దేవి అంటే, బాగానే వచ్చిందని అనూరాధ అంది.

మర్నాడు మిషను మోగలేదు. బ్లేడుతో కుట్టు విప్పుతున్న చప్పుడు వినపడింది. ఒక్కొక్క పోగూ తెగుతోంది. రెండు వరసల కుట్టు కదా, చాలాసేపు పట్టింది. తరవాత అనూరాధ పెరట్లోకి వెళ్ళి గంగాలమ్మ పక్కన కూర్చుంది.

"అత్తా, గురునాథరావుగారికి కబురెట్టండి" అంది.

గంగాలమ్మ ఎందుకని అడగలేదు. ఆ చేతులు పట్టుకుని కూర్చుంది. ఇద్దరూ ఏడవలేదు. ఏడుపు సాయంత్రం మొదలైంది. మొదలయ్యాక మా పేట ఆడవాళ్ళంతా వచ్చారు. ఏడాది నుంచి దాచుకున్నట్టు ఏడ్చారు. అంత ఏడుపు మా ఇంటి చుట్టూ ఉందని నాకప్పటిదాకా తెలీదు. నేను వలలు కప్పిన పాకలోకి వెళ్ళి కూర్చున్నాను.

గంగాలమ్మ కంచం పట్టుకుని అక్కడికి వచ్చింది. నన్ను తిడుతుందని ఎదురుచూశాను. నలభై ఐదేళ్ళు నా కథలు వింటున్న మనిషి.

"నీకు ఎప్పుడు తెలిసినాది?" అన్నాను.

"ఒడ్డున నువ్వు నోరు తెరిసినప్పుడే."

"మరి అడగలేదేటి?"

"నాను అడిగితే నువ్వు నిజం సెప్పేద్దువు" అంది. "తిను. సల్లారిపోతన్నాది."

జూన్ మొదటి వారంలో కర్మ జరిగింది. ముందు రోజే యూనిట్ వాళ్ళు మాట్లాడిపెట్టిన ఆసుపత్రిలో నా కుడికంటికి ఆపరేషను చేశారు. కంటికి కట్టు, దాని మీద నల్లద్దాలు. కామరాజు నన్ను ఒడ్డుకి తీసుకెళ్ళాడు. దర్భ బొమ్మని నా చేతుల్లో పెట్టారు. బరువు లేదు. చుట్టూ కొత్త గుడ్డ చుట్టి ఉంది. వేళ్ళతో తడిమితే అంచున కుట్టు విప్పిన బెజ్జాలు వరసగా తగిలాయి. జెండాలో తెల్ల సగం అది. ఎర్ర సగం దేవికి ఇచ్చిందట, యూనిట్‌లో దేనికైనా పనికొస్తుందని.

బొమ్మని కాల్చి, బూడిద నీళ్ళలో కలిపాం. అనూరాధ గాజుల చప్పుడు ఆ రోజు నుంచి లేదు. కంటి కట్టు ఆ సాయంత్రం ఆసుపత్రిలో విప్పారు. డాక్టరమ్మ చాలా సంతోషంగా, ఇప్పుడేం కనిపిస్తోందో చెప్పమంది. గోడ మీద గడియారం, దాని ముళ్ళు, కిటికీలోంచి వేపచెట్టు, దాని ఒక్కో ఆకు. అన్నీ చెప్పాను. ఇంటికొచ్చాను. గుమ్మంలో నా కోడలు నిలబడి ఉంది. మూడేళ్ళ తరవాత ఆ మొహం సరిగ్గా చూశాను. ఖాళీ నుదురు, ఖాళీ చేతులు. నీళ్ళ చెంబు అందించి, కన్ను తడవకుండా కాళ్ళు కడుక్కోమంది.

అద్దాలు మళ్ళీ పెట్టేసుకున్నాను.

జూన్ పదిహేను ఆదివారం వచ్చింది. తెల్లారకముందే పేట తెప్పలన్నీ దిగాయి. మా తెప్పా దిగింది. కామరాజు, తవిటయ్య వెళ్ళారు. నేను వెళ్ళలేదు, ఇక వెళ్ళను. ఎండెక్కాక యూనిట్ పడవని ఫిషింగ్ హార్బరుకి తెచ్చారు. గట్టు మీద నన్ను కూర్చోబెట్టారు. కొత్త రంగులో బాగానే ఉంది. ఒక్క చుక్క నీరు లోపలికి రాలేదు. అంతవరకు నా పని నిజం.

పిల్లలు తెడ్లు సర్దుకుంటున్నారు. దేవి చేతిలో జెండాల సంచితో వచ్చి నా పక్కన కూర్చుంది. దాన్ని మొదటిసారి ఆ తెల్ల బట్టల్లో స్పష్టంగా చూశాను. అచ్చం వాళ్ళ నాన్న దవడ.

"తాతా, నువ్వు ఆ జెండా బదులు పసుపుది సెప్పుంటే దొరికీవోడివి కాదు" అంది.

"పసుపుదేటి?"

"ఒట్టి పసుపు జెండా. ఈ ఓడలో ఉన్నోళ్ళందరూ కులాసా అని."

 నీకెప్పుడు తెలిసిందని అడిగాను. మే రెండో ఆదివారం అంది. ఆ రోజు క్లాసులో జెండాల అర్థాలు చెప్పారట. హెచ్ దగ్గరికి వచ్చేసరికి మిగతావి దానికి వినపడలేదట.

"మరి మీ యమ్మకి సెప్పలేదేటి?"

"అమ్మ మిసను తొక్కతన్నాది కదా తాతా."

శ్రీరామ్మూర్తి ఈల ఊదాడు. దేవి లేచి టోపీ సర్దుకుంది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది.

"నాన్న సెయ్యెత్తినాడన్నావు. అదన్నా నిజమేనా?"

"అది నిజమే తల్లీ" అన్నాను.

తల ఊపి వెళ్ళి పడవ ముందు భాగంలో కూర్చుంది. ఐదు తెడ్లూ ఒక్కసారి నీళ్ళలో పడ్డాయి. మిషను చప్పుడు మాట అంటారా, ఇంట్లో మళ్ళీ మొదలైంది. జాకెట్లే కుడుతోంది, జెండాలు కాదు. కాకినాడలో మావాళ్ళు ఆఖరు నుంచి రెండో పడవగా వచ్చారు. మొదటిదని పేటలో చెప్పాను. ఎవరూ నమ్మలేదు.

ఇప్పుడు మీకొక మాట చెప్పాలి. ఓడ అబద్ధమని మొదట్లోనే ఒప్పుకున్నాను. కన్ను సంగతి మధ్యలో ఒప్పుకున్నాను. ఇంకొకటి మిగిలింది. ఎత్తాడన్న ఆ చెయ్యి నేను కల్పించింది. రెండు తెప్పలూ చీలేచోట దుర్గారావు నా వైపు తిరగనే లేదు. ఇంజిను మొరాయిస్తుంటే వంగి దాంతో కుస్తీ పడుతున్నాడని తవిటయ్య తరవాత చెప్పాడు. శుక్లాల కంటికి వాడూ ఆనలేదు, తెప్పా ఆనలేదు. చెయ్యెత్తింది నేను. ఇంజిను మోత ఎటు వినపడితే అటు ఎత్తాను.